నల్లబల్ల మీద రెడ్డెమ్మక్క రాత

చౌడేపల్లె దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళ పాలకేంద్రానికి రెడ్డెమ్మక్క చాలా ఏళ్ళు అధ్యక్షురాలు. తొంభైల మొదట్లో వయోజన విద్య వాళ్ళు వచ్చినప్పుడు, బడికి పోయే కూతురి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. రాత వంకరే, కానీ ప్రతి అక్షరం తొందర లేకుండా విడివిడిగా ఉండేది.

కేంద్రంలో ఏ నిర్ణయమైనా సాయంత్రం పాలు పోసే వేళ నల్లబల్ల మీద రాసేది. పొద్దున పాలకు వచ్చేదాకా అది అమలయ్యేది కాదు. తప్పని తోచినవాళ్ళు చెరిపెయ్యవచ్చు. చెరిపితే మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను.

"మాట్లాడేటప్పుడు అన్నీ సరిగ్గానే ఉంటాయి మా. పొద్దున్నే సూస్తే వేరేవాళ్ళు రాసినట్టుంటాది, తప్పు కనపడతాది," అంది.

2004లో నేను పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా పాపకు ఏడాదిన్నర; దానికి పాలు ఆ కేంద్రం నుంచే తెచ్చేదాన్ని. ఆ వేసవిలో ఒక పిచ్చికుక్క రెడ్డెమ్మక్క ఆవును కాలి మీద కరిచింది. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే. పశువుల డాక్టరు సూదులు వేసి, జబ్బు నెలల తర్వాతైనా బయటపడొచ్చు, విడిగా కట్టెయ్యమన్నాడు. కాచిన పాలతో భయం లేదని కూడా అన్నాడు. మరిగిస్తే ఆ క్రిమి బతకదని పిల్లలకు పాఠం చెప్పినదాన్నే నేను. అయినా పాపను చంకనేసుకుని ఆ సాయంత్రం కేంద్రానికి పరుగెత్తాను, ఆమె పాలు ఇక్కడ పోస్తుందా అని అడగడానికి.

అడిగే అవసరం రాలేదు. బల్ల మీద ఉంది: రెడ్డెమ్మ ఆవు పాలు కేంద్రంలో పోయరాదు.

పాలు పోసే మనిషే అధ్యక్షురాలిగా ఉండాలన్నది కేంద్రం నియమం. ఆ ఒక్క వాక్యంతో ఆమె తన పదవి తనే వదులుకుంటోంది.

పొద్దున నేను మళ్ళీ వెళ్ళేసరికి బల్ల ఖాళీగా ఉంది. చెరిపిందెవరని రెడ్డెమ్మక్క అడిగింది. కేంద్రంలో పాలు పోసే మైమూన్ బీ చేతిలో తడిగుడ్డ దాచుకోలేదు.

"నేనే. కాసిన పాలకు బయం లేదని డాక్టరే సెప్పె గదా. నువ్వు లేకుంటే ఈ సెంటరు యాడ నడుస్తాదక్కా?"

మిగతావాళ్ళూ అదే అన్నారు. చెరిపారు కాబట్టి వినాలి. రెడ్డెమ్మక్క గట్టు మీద కూర్చుని అందరూ చెప్పింది విన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిన్న సాయంత్రం బిడ్డకు పాలు తాపినావా మా?"

"లేదక్కా," అన్నాను.

"సదువుకున్న ఈయమ్మకే చెయ్యి రాలేదు. తప్పు కాదు, బిడ్డ గదా. మన పాలు జనం నన్ను నమ్మి బిడ్డలకు తాపాల. ఆవు బాగుండాదని నాకే తెలీనప్పుడు ఎట్ల నమ్మమనేది?"

మైమూన్ బీ తడిగుడ్డ పక్కన పడేసింది. రెడ్డెమ్మక్క అవే మాటలు మళ్ళీ రాసి, ఇకమీదట రాయాల్సింది నువ్వేనని సుద్దముక్క మైమూన్ బీ చేతిలో పెట్టింది.

ఆవుకు ఏమీ కాలేదు. వానలు వచ్చిపోయి, డాక్టరు సరేనన్నాక రెడ్డెమ్మక్క క్యాను పట్టుకుని వరుసలో చివర నిలబడింది. చూడగానే మైమూన్ బీ లేచి సుద్దముక్క ఆమెకు తిరిగి ఇవ్వబోయింది.

"నువ్వే రాయి," అంది రెడ్డెమ్మక్క క్యాను మూత తీస్తూ. "పొద్దున్నే వచ్చి సూస్తా. తప్పుంటే సెరుపుతా."