నిలబడ్డ బండి పడిపోయాననుకుంది

తిరువూరులో కార్బురేటర్ లేని ఇంజెక్షన్ మోటారు సైకిల్ వచ్చిందంటే, జనం చేతిలో టీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చి చూసిన రోజులవి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మెకానిక్ షెడ్డులో పనికి కుదిరేటప్పుడు, "కొత్త రకం ఇంజెక్షన్ బళ్ల పని బెజవాడలో ఆరు నెలలు నేర్చుకున్నా"నని ఉస్తాదుతో చెప్పాను. (బెజవాడ వెళ్లిన మాట నిజమే. మా అత్తకు కంటి ఆపరేషనైతే ఆరు రోజులు క్యారేజీ మోశాను. రోజుల్ని నెలలు చేయడం నాకు పుట్టుకతో అబ్బిన విద్య.)

మా షెడ్డుకు వచ్చిన మొదటి ఇంజెక్షన్ బండి పెనుగొలను బడిలో పనిచేసే మాస్టారిది. మొదటి రోజు దానికి పెద్ద హారన్ బిగించి పంపాను. మర్నాడు పొద్దున్నే ఆయన చెమటలు కక్కుతూ దాన్ని తోసుకొచ్చారు. "సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్టవట్లేదు. పన్నెండింటికల్లా అవకపోతే ట్రాలీ ఆటో ఎక్కించి బెజవాడ పట్టుకుపోతానయ్యా!" ఉస్తాదు నా వంక చూశారు. "బెజవాడ చదువు మా దగ్గరే ఉందిగా మాస్టారూ. ఊఁ, కానీరా." ఈ బండి కదలకపోతే నా ఉద్యోగమూ, నా ఆరు నెలలూ ఒక్కసారే పోతాయని అర్థమైంది.

ప్లగ్గు విప్పి ఊదాను. గంభీరంగా తలాడించి, "పెట్రోలు అందట్లేదు" అన్నాను. (అది నిజమని తేలడం తర్వాత నన్నే ఆశ్చర్యపరిచింది.) మా ఊళ్లో పెట్రోలు అందని బండికి ఒకటే వైద్యం, పక్కకు పడుకోబెట్టి లేపడం. మూడుసార్లు పడుకోబెట్టాను. "జోల కూడా పాడరా, పాపం!" అన్నాడు ఎదురుగా ఉన్న టీ కొట్టు బావ. మాస్టారు ట్రాలీ ఆటోకు ఫోన్ కలిపారు.

అప్పుడు లేచారు ఉస్తాదు. "ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి" అని తాళం తిప్పి ట్యాంకుకు చెవి ఆనించారు. "ఇందులో పెట్రోలు తోసేది చిన్న కరెంటు పంపట. తాళం తిప్పగానే కాస్త మూలగాలి. మూలగట్లేదు." ఆయన ఆయుధమల్లా రెండు వైర్లు చుట్టిన పాత ఇండికేటర్ బల్బు. పంపు వైరుకు ఆనిస్తే వెలగలేదు. ఫ్యూజుకు ఆనిస్తే వెలిగింది. "కరెంటు బయల్దేరింది, చేరలేదు. దారిలో ఎవడో ఆపాడు." జడలో పేను వెతికే అమ్మమ్మలా వైరు వెంటే వేలు జరుపుకుంటూ సీటు కిందికి వెళ్లారు. అక్కడ అగ్గిపెట్టెంత నల్ల డబ్బా తలకిందులుగా వేలాడుతోంది. దాని మీది బాణం గుర్తు నేలను చూపిస్తోంది. ఆయన ఆ బాణాన్ని వేలితో తట్టారు. "బండి పడిపోతే పెట్రోలు ఆపడానికి పెట్టుంటారు దీన్ని. ఇది తిరగబడి, బండే పడిపోయిందనుకుంటోంది." డబ్బాను నిటారుగా పట్టుకుని, తాళం ఆపి మళ్లీ తిప్పారు. జుయ్ మంది పంపు! సెల్ఫ్ నొక్కగానే ఇంజను అందుకుంది. పుస్తకం లేదు, మిషను లేదు. ఒక బల్బు, ఒక చెవి, అంతే.

ఆ వెంటనే అసలు సంగతి గుర్తొచ్చింది. హారన్ వైరు లాగడానికి ఆ డబ్బా బోల్టు విప్పింది నేనే, మళ్లీ బిగించలేదు. ఉస్తాదు హారన్ వైరునూ, నన్నూ మార్చి మార్చి చూశారు. "ఏమైందండీ?" అన్నారు మాస్టారు. గిరాకీతో "సాయంత్రానికి ఇచ్చేస్తా" అనే అబద్ధమైనా ఏనాడూ ఆడని మనిషి, కనురెప్ప కదలకుండా అన్నారు: "గుంటల రోడ్డు కదండీ, బోల్టు ఊడింది. ఈ డబ్బా సంగతి మావాడే చెప్పాడు, బెజవాడలో నేర్చుకున్నాడుగా."

మాస్టారు నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఉస్తాదు కొత్త బోల్టు బిగించిన స్పానర్ తుడుచుకుంటూ, "రేపు గంట ముందు రా. బల్బు పట్టుకోవడం నేర్పుతా" అన్నారు.

ఇప్పుడు నా షెడ్డులో ఫోనంత మిషను పెడితే లోపం అదే చెబుతుంది. కోతలు కోయడంలో మాత్రం ఇక్కణ్ణించి విస్సన్నపేట దాకా నాకు ఎదురులేదు. అయినా ఆ పొద్దున ఉస్తాదు ఆడిన ఒక్క అబద్ధం ముందు నావన్నీ దిగదుడుపే. అలాంటిది నేనూ ఎవరికోసమైనా ఒకటి ఆడాలని చాలా ఏళ్లుగా కాచుకుని ఉన్నాను. ఏం లాభం, నేను చెబితే నమ్మేవాడేడీ?