బోణీ అయిందా పాపా?

ఆ పొద్దు ఫోను మోగేసరికి నేను అంగట్లో పరుపు మీద తెల్ల దుప్పటి సరిచేస్తున్నాను. తెర మీద ‘అక్క’ అని కనిపించింది. రోజూ ఆ వేళకే వచ్చే ఫోను. ఎత్తి, అలవాటు కొద్దీ, “ఇంకా కాలేదక్కా, ఇప్పుడే తలుపులు తీసినాం” అన్నాను. అవతల నుంచి వేరే గొంతు, “నేనమ్మా, చెల్లెల్ని. హిందూపురం నుంచి. అక్క లేదు తల్లీ. తెల్లారగట్ల నిద్రలోనే పోయింది” అంది.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అద్దాల బీరువాల్లోని చీరల వైపు చూస్తూ నిలబడిపోయాను.

అక్క అంటున్నానని నా తోడబుట్టినది అనుకునేరు. కాదు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో నాకు పని నేర్పిన మనిషి. పెనుకొండ ఆమె ఊరు. కొండ కింద ఇంట్లో తల్లితో ఉండి, రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చి పోయేది. తల్లి పోయాక ఒక్కతే ఉండేది. పెళ్లి సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె గురించి పేపర్లో ఎవరూ వేయరు. కాబట్టి నేనే రాస్తున్నాను.

అంగట్లో అందరూ ఆమెను స్టాకక్క అనేవాళ్లు. వెనక స్టాకు రూములో చీరల మడతలు మార్చే పనికి చేరింది కనుక ఆ పేరు. పట్టుచీర ఒకే మడత మీద ఎక్కువ కాలం ఉంటే ఆ గీత దగ్గర జరీ విరిగిపోతుంది. అందుకని అప్పుడప్పుడూ విప్పి వేరే మడత వేసి పెట్టాలి. కనిపించని పని. చేసినన్నాళ్లూ ఎవరికీ గుర్తు రాదు, చేయకపోతే మాత్రం అందరూ కేకలేస్తారు. అట్లా ఏళ్ల తరబడి చేస్తుండగా, పాత ఇన్‌చార్జి సొంత అంగడి పెట్టుకుని కౌంటరు మీది మగవాళ్లను సగం మందిని వెంట తీసుకుపోయాడు. ఏ చీర ఎక్కడుందో తెలిసిన మనిషి ఇక ఆమె ఒక్కతే. “మంచోడు దొరికేదాకా తాత్కాలికంగా నువ్వు చూసుకో” అన్నాడు షావుకారు.

ఆ తాత్కాలికం ఆమె పని మానుకున్న రోజు వరకూ తాత్కాలికంగానే ఉంది. ఆమె పని నేర్పిన మగపిల్లలు ఆమె కంటే ఎక్కువ జీతానికి పెద్ద ఊళ్లకు పోయారు. అంగడి కార్డు మీద షావుకారు పేరు, ఆయన కొడుకు పేరు, సీనియర్ సేల్స్‌మన్ పేరు ఉండేవి. ఇన్‌చార్జి పేరు ఉండేది కాదు.

ఇది ఇన్‌చార్జి సంగతి. ఇక బోణీ సంగతి చెబుతాను.

పొద్దున జరిగే మొదటి బేరం బాగుంటే రోజంతా బాగుంటుందని వ్యాపారం చేసేవాళ్ల నమ్మకం. దానికి మంచి మొగం ఎదురు రావాలట. మా షావుకారు లెక్కలో మంచి మొగమంటే తెల్లటి మొగం. అక్క నలుపు. మామూలు నలుపు కాదు, నాలాగా నలుపు. అందుకని పొద్దున్నే వచ్చి తలుపులు తీసి, ఊడ్పించి, పరుపుల మీద దుప్పట్లు పరిపించి, దీపం దగ్గర పూలు పెట్టి, షావుకారు కారు శబ్దం వినగానే ఇన్‌చార్జి స్టాకు రూములోకి వెళ్లిపోయేది. బోణీ అయ్యేదాకా బయటికి రాకూడదు. మధ్య మధ్యలో తలుపు సందులోంచి మెల్లిగా అడిగేది, “బోణీ అయిందా?” అని. పెళ్లిళ్ల రోజుల్లో తొందరగానే అయ్యేది. మూఢంలో మధ్యాహ్నం దాటినా అయ్యేది కాదు. అంగడి మొత్తం నడిపే మనిషి చీకటి గదిలో కూర్చుని ఎవరో ఒకరు వచ్చి చీర కొనడం కోసం ఎదురుచూసేది.

ఇంకో వింత చెబుతాను. చీర అందం తెలియాలంటే ఎవరో ఒకరు భుజం మీద వేసుకుని చూపించాలి కదా. మా సీనియర్ గుబురు మీసాల మనిషి. ఆయన చిలకాకుపచ్చ చీర భుజం మీద వేసుకుని, కొంగు పరిచి, అద్దం ముందు అటూ ఇటూ తిరిగితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. అక్క వేసుకుంటే మాత్రం చీర రంగు తేలిపోతుందని షావుకారు భయం.

షావుకారు చెడ్డవాడని నేను అనను. అక్క తల్లికి జబ్బు చేసినప్పుడు కారిచ్చి పంపాడు. పండక్కి అందరి కంటే ముందు ఆమెకే చీర పెట్టేవాడు. కాకపోతే ఆ చీర ప్రతిసారీ వెలిసిపోయిన గచ్చు రంగులో ఉండేది. ఆమె ఒంటికి అదే నప్పుతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ మనస్ఫూర్తే.

నాది ముదిగుబ్బ పక్కన పల్లె. మా నాయనకు గొర్రెలున్నాయి. డిగ్రీ అయ్యాక ఈ అంగట్లో పనికని వచ్చాను. షావుకారు నా మొగం ఒకసారి చూసి, “స్టాకు రూములో వేద్దాంలే” అన్నాడు. అక్క నన్ను చూడకుండానే, “కౌంటరుకు మనిషి కావల్ల సార్. ఈ పాపను కౌంటరుకు తీసుకుందాం” అంది. ఆయన కాసేపు గొణిగి సరేనన్నాడు. పోతూ పోతూ నాకొక జాగ్రత్త చెప్పాడు. “పొద్దున మాత్రం అక్క మాదిరే లోపలుండు పాపా. బోణీ అయినాక వద్దువు.”

ఆ మాట విన్నప్పుడు అక్క మొగం చూశాను. ఏళ్ల తరబడి తన విషయంలో నోరు మెదపని మనిషి. ఆ సాయంత్రం ఎప్పటిలాగే అంగడి మూసి రైలుకు నడిచిపోయింది.

మరుసటి రోజు షావుకారు కారు శబ్దం వినిపించింది. నేను లేచి స్టాకు రూము వైపు పోబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“యాడికి పోతాండావు? కూచో.”

“అక్కా, సార్ వస్తాండాడు.”

“రానీ. ఇన్‌చార్జి నేను. కౌంటరు మీద ఎవరు కూచోవల్లో నేను చెప్తాండా.”

తానూ వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు ఈ పని పోతే మళ్లీ ఊళ్లో వేరుశనక్కాయలు వొలుచుకోవాల్సిందే. ఆమెకు పోతే ఆ వయసులో ఇంకెవరిస్తారు? షావుకారు వచ్చి, మా ఇద్దరినీ చూసి, చెప్పులు విడిచి, గల్లా దగ్గర కూర్చున్నాడు.

అవి మూఢం రోజులు. కథల్లో అయితే అప్పుడే పెద్ద పెళ్లివారు దిగి అంగడి మొత్తం కొనేసేవాళ్లు. మాకు అట్లాంటిదేమీ జరగలేదు. ఒక జంట వచ్చి ఊరికే చూసి పోయింది. నల్లచెరువు నుంచి వచ్చిన ఒకామె బాత్రూమ్ ఎక్కడని అడిగి, వాడుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం అయింది. సీనియర్ మా వైపు చూసి మీసం కింద నవ్వుకున్నాడు. షావుకారు ఊదుబత్తి మళ్లీ వెలిగించాడు. అడుగుల చప్పుడు అయిన ప్రతిసారీ నేను గుమ్మం వైపు చూసేదాన్ని. రోడ్డు మీద పోయేవాళ్లు రోడ్డు మీదే పోయారు. దీపాలు పెట్టే వేళ కూడా దాటింది. ఒక్క చీర అమ్ముడు పోలేదు.

అప్పుడు షావుకారు నోరు విప్పాడు. “నేను చెప్తే మూఢనమ్మకం అంటారు. ఇప్పుడేమంటావు?”

ఆయన మాటలో ఎగతాళి లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. అది ఇంకా కష్టంగా ఉండింది. నావల్లే అన్నట్టు నేను తల వంచుకున్నాను.

అక్క లేచింది. గుమ్మం దగ్గరికి పోయి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. వెళ్లిపోతోందనుకున్నాను. ఆ క్షణం నాకు ఏడుపు వచ్చేసింది. ఆమె కింద ఒక నిమిషం నిలబడి, మళ్లీ మెట్లెక్కి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, వచ్చి నా ఎదురుగా, కొనేవాళ్లు కూర్చునే వైపు కూర్చుంది.

“పట్టుచీరలు చూపిస్తావా పాపా?” అంది.

ఆమె నేర్పిన మొదటి మాట ఒకటుంది. ఏ రంగు కావాలని ముందే అడగొద్దు, ఎవరికని అడుగు. నాకు అదే నోట్లోకి వచ్చింది. “ఎవరికక్కా?”

“నాకే.”

నేను కనకాంబరం రంగు చీర తీశాను. ఆకుపచ్చ అంచు. ఎందుకు అదే తీశానో తెలియదు. విప్పి పరుపు మీద పరవబోతే, “అట్ల కాదు, భుజం మీద వేసి చూపీ” అంది. నిలబడి వేసుకున్నాను. అద్దంలో నా నల్లటి మెడ పక్కన ఆ కనకాంబరం వెలిగిపోయింది. దాని వెనకాల, కింద కూర్చుని తలెత్తి చూస్తున్న అక్క మొగం. నన్ను ఎవరైనా అంత ఇష్టంగా చూడడం నాకు జ్ఞాపకం లేదు.

“బాగుండాది. కట్టియ్యి” అంది. షావుకారు వైపు తిరిగి, “బిల్లు రాయండి సార్. నా జీతంలో పట్టుకోండి” అంది. ఆయన తలెత్తకుండా రాశాడు. అక్క ఆ కాగితం తీసుకుని, అందరికీ వినపడేటట్టు, “బోణీ అయింది” అంది.

మరుసటి రోజు పొద్దున మళ్లీ ఇద్దరమూ అక్కడే కూర్చున్నాం. రొళ్ల నుంచి వచ్చినవాళ్లు రెండు చీరలు కొన్నారు. ఆ తర్వాత కొన్ని రోజులు తొందరగా అయ్యేది, కొన్ని రోజులు ఆలస్యంగా అయ్యేది, ఎప్పటిలాగే. షావుకారు ఆ నియమం గురించి మళ్లీ మాట్లాడలేదు. అది తప్పని కూడా ఎన్నడూ అనలేదు.

కౌంటరు మీద చోటు దొరికింది కానీ ఆమెకు తోడు దొరకలేదు. మగవాళ్లు టీకి పోతే ఆమెను పిలిచేవాళ్లు కాదు. మడతలు మార్చే ఆడవాళ్లు ఒకప్పుడు ఆమెతో కలిసి తిన్నవాళ్లే, ఇన్‌చార్జి అయ్యాక ఆమె వస్తే మాటలు ఆపేసేవాళ్లు. అందుకని స్టాకు రూములో ఒక మూల చీరల పెట్టెల పక్కన కూర్చుని తినేది. నన్ను తనతో కూర్చోనిచ్చేది కాదు. “నువ్వు పోయి వాళ్లతో తిను. ఇప్పుడే నాతో చేరితే నిన్ను కూడా వేరు పెడ్తారు” అనేది. ఆమె రాగి సంగటి గిన్నె మూత తీసిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించేది.

మోకాళ్లు సహకరించక పని మానేసి, హిందూపురంలో చెల్లెలి ఇంటికి చేరింది. ఆమె పని నాకిచ్చారు. తాత్కాలికంగా అన్నారు. నేను ఆ మాట తీసేయమని అడిగాను. కార్డు మీద పేరు వేయమనీ అడిగాను. అడగడానికి నాకు ధైర్యం ఎక్కడిదో మీకు చెప్పనక్కర్లేదు. కొత్త కార్డు ఆమెకు పంపిస్తే, అద్దానికి అంటించుకున్నానని ఫోన్లో చెప్పింది. ఇప్పుడు నేనూ స్టాకు రూములో ఆ మూలే తింటున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలుసనే అనుకుంటాను. ఎందుకంటే నేను ఇన్‌చార్జి అయిన రోజు నుంచే పొద్దున్నే ఫోను చేయడం మొదలుపెట్టింది. క్షేమ సమాచారాలేమీ ఉండేవి కావు. ఒకటే మాట. “బోణీ అయిందా పాపా?” అయిందంటే, “సరే, పని చూసుకో.” కాలేదంటే, “అయితాదిలే, కూచో.” ఆ రెండు ముక్కలతో నాకు రోజు గడిచిపోయేది.

కబురు తెలిసిన రోజు రైల్లో హిందూపురం పోయాను. పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి కొండ కనిపించింది. ఆమె రోజూ ఎక్కిన ప్లాట్‌ఫారం చూడలేక తల తిప్పుకున్నాను.

ఇంట్లో మనుషులు ఎక్కువ లేరు. అంగడి నుంచి నేనొక్కదాన్నే. చెల్లెలు నన్ను లోపలికి తీసుకుపోయి, పెట్టె తీసి, కనకాంబరం చీర బయటికి తీసింది.

“ఎప్పుడన్నా కట్టుకునిందా?” అన్నాను.

“యాడ కట్టుకునిందమ్మా. నెలకోసారి విప్పుతాది, మడత మారుస్తాది, మళ్లీ పెడ్తాది. కట్టుకో అక్కా అంటే, కట్టుకొని యాడికి పోదును అంటాది.”

విప్పితే చీర మీద ఒక్క మడత గీత కూడా లేదు. జరీ అంతా కొత్తదానిలాగే ఉంది. చెల్లెలు నా వైపు చూసి, “నువ్వే కప్పు” అంది. బయట చాప మీద పడుకోబెట్టిన అక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆమె భుజం మీద కొంగు వేసి, పాదాల దాకా పరిచాను. ఆ నల్లటి మొగం పక్కన ఆ రంగు ఎంత బాగుందో షావుకారు చూసి ఉండాల్సింది.

మరుసటి రోజు తలుపులు తీశాను. కాసేపటికి ఒక తల్లీ కూతురూ వచ్చి పసుపు రంగు చీర కొనుక్కుని పోయారు. ఆమె ఫోను వచ్చే వేళ అయింది. రాలేదు. నేనే చేశాను. హిందూపురంలో ఆ ఇంట్లో ఎక్కడో అది మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆగిపోయాక ఫోను తెల్ల దుప్పటి మీద, ఆమె చీర కొన్న రోజు కూర్చున్న వైపు పెట్టి, “అయిందక్కా” అన్నాను. తెర కాసేపు వెలిగి ఆరిపోయింది.