తాబేలుకు మేత పెట్టిన మధ్యాహ్నాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తాబేలు ఉండేది. ఈ మాట ఇప్పటి పిల్లలతో అంటే ముందు ఫోటో ఉందా అని అడుగుతారు, ఆ తరవాత అలా పెంచడం నేరం కదా అంటారు. నిజమే, నేరమే. అప్పట్లో మాకు ఆ సంగతి తెలియదు. మంగళగిరిలో మా వీధి నిండా మగ్గాలే. కుక్కల్ని, కోళ్లను, చిలకల్ని పెంచినవాళ్లు ఉన్నారు గానీ, తాబేలును పెంచింది మా ఇంట్లోనే. దాని గురించి రాయాలని ఎన్నోసార్లు అనుకుని, ఓపిక చాలక మానేశాను. ఇప్పుడూ ఓపిక వచ్చి రాయడం లేదు. ఇక రాయకపోతే గుర్తుండదేమోనని రాస్తున్నాను.

దాన్ని తెచ్చింది మా మేనమామ. పెదకాకాని అవతల ఆయనకు పత్తి చేను ఉండేది. పత్తి తీతలప్పుడు బండి చక్రం అంచు తగిలి ఈ తాబేలు డిప్ప ఒక పక్క పగిలింది. చేలో వదిలేస్తే కుక్కలు బతకనివ్వవని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి మా ఇంటికి తెచ్చి, అమ్మ ముందు పెట్టాడు. నల్లటి డిప్ప మీద ముగ్గు వేసినట్టు పసుపుపచ్చని చారలు. అమ్మకు మమ్మల్ని చూసుకోవడానికే తీరిక లేదు. అప్పుడు మా మేనత్త మగ్గం మీంచి లేచి వచ్చి, మాటామంతీ లేకుండా దాన్ని ఎత్తుకుపోయి, పగిలినచోట పసుపు అద్ది, పెరట్లో నీళ్ల తొట్టి పక్కన నీడలో కూర్చోబెట్టింది.

మేనత్త నాన్నకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పొద్దు పొడవకముందే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేది. నాన్న నేసేది ఒక మగ్గం, ఆమె నేసేది ఒకటి. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమె ముఖంలో అలసట లేని రోజును నేను చూడలేదు. నవ్వినా అలసటగానే నవ్వేది. మా నాయనమ్మ, అంటే ఆమె కన్నతల్లి, ఆమెతో నేరుగా మాట్లాడేది కాదు. "మీ అత్తను అన్నం తినమనవే" అని నాతో చెప్పించేది. మేనత్త అడుగు మంచిది కాదని వీధిలో కొందరు అనుకునేవాళ్లు. నాయనమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. ఎవరైనా అంటే కాదని కూడా అనలేదు.

తాబేలుకు తెలివి ఉండదని నేను మొదట్లో గట్టిగా నమ్మాను. చెయ్యి చాపితే పక్కింటి కుక్క కాలు అందించేది. దీన్ని పిలిస్తే తల లోపలికి లాక్కునేది. స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి చూపిస్తే డిప్ప తప్ప ఇంకేమీ కనపడనిచ్చేది కాదు. "ఇది రాయే" అని వాళ్లు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది.

మేనత్త మాత్రం దానికి ఏమీ నేర్పలేదు. అది ఏం చేస్తుందో చూసేదంతే. మగ్గం ఆపి నడుం వాల్చినప్పుడు ఆమె చెప్పే కబుర్లన్నీ దాని గురించే. ఇంట్లోకి వచ్చిన కొత్తలో అది మగ్గం గుంటలో పడి చస్తుందని అందరం భయపడ్డాం. అది గుంట అంచుదాకా వచ్చి, మెడ చాపి కిందికి చూసి, వెనక్కి తిరిగింది. ఆ తరవాత అటు వెళ్లినప్పుడల్లా అంచుకు జానెడు దూరంలోనే ఆగేది. మందార పువ్వంటే ప్రాణం పెట్టేది. దోసకాయ తొక్క పెడితే ముక్కుతో పక్కకి నెట్టేది. అమ్మ కత్తిపీట ముందు కూర్చున్న చప్పుడు వింటే చాలు, పెరటి గడప దగ్గరికి వచ్చి నిలబడేది. నాన్న దగ్గరికి వస్తే బుసకొట్టి ముడుచుకునేది. మేనత్త మగ్గం ఆడుతున్నంతసేపూ ఆ గుంట పక్కనే కళ్లు మూసుకుని ఉండేది. అదే మగ్గం మీద నాన్న కూర్చుంటే, రెండు అడుగులు వేసి ఆలకించి, వెళ్లిపోయేది. కాళ్లతో చెక్కలు తొక్కే తీరులో ఒకరికీ ఒకరికీ తేడా ఉంటుందని, ఆ తేడా నేలలోంచి దానికి తెలుస్తుందని మేనత్త అనేది. మేనత్త దాన్ని "అమ్మడూ" అని పిలిచేది.

ఆ ఏడు వానల్లో నాన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు, గోళ్లు అన్నీ పచ్చబడి మంచాన పడ్డాడు. అమ్మ చప్పిడి కూడు, నేల ఉసిరి రసం పట్టుకుని ఆయన మంచం వదలలేదు. ఆయన మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. మేనత్త తన మగ్గం కాసేపు, ఆయన మగ్గం కాసేపు నేసేది. చూడవచ్చినవాళ్లు నాన్నను చూసి, పెరట్లో తాబేలును చూసి, నాయనమ్మ చెవిలో ఏదో చెప్పి వెళ్లేవాళ్లు. తాబేలు ఇంట్లోకొస్తే ఆ ఇంటికి చెడు అని నమ్మేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఒక రోజు నాయనమ్మ వసారాలో నిలబడి, ఎవరితోనూ కాకుండా, గట్టిగా అంది.

"కొడుకు మంచాన పడ్డాడు. ఇంటికి అచ్చిరానిదాన్ని ఎన్నాళ్లు పెట్టుకుంటాం? రేపే కొండ పక్కకు తీసుకుపోయి వదిలేయాల."

మేనత్త మగ్గం ఆగిపోయింది. నేను గుమ్మంలో కూర్చుని నూలు చుట్టిన కండెలు సర్దుతున్నాను. మేనత్త చెయ్యి పోగును అటూ ఇటూ నడిపే నాడెను పట్టుకుని గాలిలోనే ఉండిపోవడం చూశాను. నాయనమ్మ అన్నది తాబేలు గురించే. కానీ ఆ ఇంట్లో అచ్చిరానిదన్న పేరు మోస్తున్నది తాబేలు ఒక్కటే కాదని ఆ వయసుకే నాకు తెలుసు. మేనత్త ఏడుస్తుందనుకున్నాను. ఎదురు చెబుతుందేమో అనుకున్నాను. ఆమె నాడెను కింద పెట్టి, నెమ్మదిగా అంది.

"సరేనమ్మా, పంపుదాం. ఇంటికొచ్చిన ప్రాణిని ఉత్త కడుపుతో పంపకూడదు. నువ్వు పెద్దదానివి. ఒక్క పూట నీ చేత్తో మేత పెట్టు. అది తిన్నాక నేనే తీసుకెళ్లి వదిలొస్తా."

నాయనమ్మకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఎవరినైనా అన్నం పెట్టకుండా పంపడం ఆమెకూ చేతకాదు. మర్నాడు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, రెండు మందార పువ్వులు పట్టుకుని పెరటి గోడకు చేరబడి కూర్చుంది. తాబేలు తల బయట పెట్టలేదు. "తిను, తిని పో" అని పువ్వును దాని మూతి దగ్గర ఆడించింది. అది ఇంకాస్త లోపలికి పోయింది. మగ్గంలోంచే మేనత్త, "పిలవకమ్మా. నీ అలికిడి దానికి అలవాటు కావాల" అంది. నాయనమ్మ చాలాసేపు కూర్చుని, విసుక్కుని, పువ్వుల్ని అక్కడే పడేసి లేచిపోయింది. అది తినలేదు గనక పంపడం కుదరలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఒక తెల్లవారుజామున దాహమేసి పెరట్లోకి వచ్చాను. నీళ్ల తొట్టి పక్కన మేనత్త గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో తోటకూర కట్ట. తాబేలు ఆత్రంగా నములుతోంది. నన్ను చూసి మేనత్త ఉలిక్కిపడలేదు. దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది.

"రోజూ పెడుతున్నావా అత్తా?" అన్నాను.

"ఆకలి తీరితే మధ్యాహ్నం ఎందుకు తింటుంది?" అంది. తరవాత నా జుట్టు సవరిస్తూ, "నాయనమ్మకు చెప్పమాకే" అంది.

నాకు అది పెద్ద కుట్రలా తోచి సంబరమేసింది. తాబేలును కాపాడటానికే ఈ ఎత్తు వేసిందనుకున్నాను. అంతకు మించి ఇందులో ఇంకేదో ఉందని నాకు తట్టలేదు.

నాన్న ఆరోగ్యం కొద్దికొద్దిగా కుదుటపడుతోంది. నాయనమ్మ మాత్రం మధ్యాహ్నాలు పెరట్లో కూర్చోవడం మానలేదు. మొదట్లో విసుగ్గా కూర్చునేది, తరవాత కునుకుతూ కూర్చునేది. ఉన్నట్టుండి ఒక సాయంత్రం అన్నాల దగ్గర, "దానికి ఎర్ర మందారమంటేనే ఇష్టమల్లే ఉంది. పసుపుది పెడితే మొహం తిప్పుకుంది" అంది. ఇంకోసారి, "నా చీర కొంగు వాసన చూసి వెళ్లిందే. ఎంత టెక్కో దానికి!" అంది. వాన పడుతుంటే లేచి, అది తడుస్తోందేమో చూసి రమ్మని నన్ను పంపింది. అది తనను చూసి తల లోపలికి లాక్కోవడం మానేసిందని మాకు గర్వంగా చెప్పింది. అమ్మ నోరు తెరుచుకుని వింది. మేనత్త తలెత్తకుండా అన్నం కలుపుకుంది.

అది తిన్న రోజు నేను అక్కడే ఉన్నాను. నాయనమ్మ గోడకు చేరబడి కళ్లు మూసుకుంది. పువ్వున్న చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. తాబేలు తొట్టి పక్కనుంచి కదిలి, ఆగి, మెడ చాపి చూసి, మళ్లీ కదిలింది. ఆమె పాదం దగ్గర ఇంకోసారి ఆగింది. కాలు మీదికి ముందరి కాళ్లు ఎక్కించి, వేళ్ల మధ్య ఉన్న పువ్వును కొరికి లాగింది. నాయనమ్మ కళ్లు తెరిచింది. చెయ్యి కదపలేదు. ఊపిరి కూడా బిగబట్టినట్టే ఉంది. అది పువ్వంతా తిని, మూతికి అంటిన రేకుతో ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది.

మగ్గం ఆపి మేనత్త పెరటి గుమ్మంలోకి వచ్చింది. అన్న మాట ప్రకారం, "తిన్నదిగా అమ్మా. సంచి తెమ్మంటావా?" అని అడిగింది.

నాయనమ్మ ఎన్నాళ్లకో కూతురి ముఖంలోకి నేరుగా చూసి, "నా చేతిలో తిన్నదాన్ని ఎట్టా పంపమంటావే?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "నువ్వు పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాతో అడిగించలేదు.

ఆ తరవాత మా ఇల్లు ఒక్కసారిగా మారిపోలేదు. నాయనమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ మధ్యాహ్నాలు తాబేలుకు మేత పెట్టి, లోపలికి వచ్చి, మేనత్త మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ మాటల్లేకుండా అలా సాయంత్రందాకా ఉండేవాళ్లు. నాన్న లేచి తిరిగాడు, సగంలో ఉన్న చీర పూర్తయింది.

ఆ రోజు పొద్దున కూడా తోటకూర పెట్టావా అని నేను మేనత్తను తరవాత అడిగాను.

"పెట్టాను. కడుపు నిండే ఉంది. అయినా ఎందుకు తిన్నదో దానికే తెలియాల" అంది. తరవాత, "ఎవరినైనా పంపించేద్దాం అనుకునేది వాళ్ల దగ్గర కూర్చోకముందేనే. కూర్చున్నాక కష్టం" అంది. ఆమె నాకు పాఠం చెప్పాలని ఆ మాట అనలేదు. అలిసిపోయి, గోడకు తల ఆనించి, తనలో తాను అనుకున్నట్టు అంది.

నాయనమ్మ పోయినప్పుడు తాబేలు దుఃఖపడిందని నేను చెప్పను. దాని మనసులో ఏముందో నాకేం తెలుసు? చాలాకాలం మధ్యాహ్నంపూట ఆ గోడ దగ్గరికి వచ్చేది. మెడ చాపి చూసేది. వెళ్లిపోయేది. నా పెళ్లయ్యేనాటికి కూడా అది ఇంట్లో ఉంది. పెద్దతనంలో మేనత్తకు చూపు ఆనక, దాన్ని సరిగా చూసుకోలేనని మేనమామకు కబురు పెట్టింది. ఆయన చేలగట్టు అవతలి తుప్పల్లో వదిలి వచ్చాడు. అది ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా తుప్పల్లోకి వెళ్లిపోయిందట. ఆ మాట విని మేనత్త సంతోషించింది.

ఇప్పుడు గుంటూరులో నా దగ్గర మా ఆడపడుచు ఉంటోంది. మా వారికి అక్క. ఆయన పోయారు, ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు. మతిమరుపు జబ్బు. నన్ను పనిమనిషి అనుకుంటుంది, కొన్నిసార్లు దొంగ అనుకుంటుంది. నాకూ మోకాళ్లు సహకరించడం లేదు. "అమ్మా, నువ్వే మంచాన పడేట్టున్నావు, పెద్దత్తను ఎక్కడైనా చేర్పిద్దాం" అని మా అమ్మాయి ఫోన్‌లో అంటోంది. దాని మాటలో తప్పు లేదు. కొన్ని రోజులు నేనూ అదే అనుకుంటాను. పంపాల్సి వస్తే పంపుతానేమో కూడా. కానీ ఆ సంగతి వంటింట్లో నిలబడి తేల్చుకోను, ఫోన్‌లో తేల్చుకోను. రోజూ మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఏమీ అడగకుండా, పిలవకుండా కాసేపు కూర్చుంటాను. మొన్న అలా కూర్చున్నప్పుడే తెలిసింది, ఆమెకు కిటికీ మూస్తే భయమని. ఇన్నాళ్లూ కోపమనుకున్నాను.

ఆమెకు పెరుగన్నం కలిపి ఉంచాను. లేవాలి.