బొట్టు పెట్టిన డిస్కులు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే, అదీ చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రాజమండ్రిలో ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక కెమెరా నాది, ఆడవాళ్ల వైపు తీసే రెండో కెమెరా నా భార్య సత్యవతిది. షూటింగ్ అయ్యాక కెమెరా కార్డుల్లో ఉన్నదంతా ఆవిడే రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించేది. రెండూ సరిపోయాయని చూసుకుని, రెండింటికీ చిన్న కుంకుమ బొట్టు పెట్టేది. ఆ బొట్టు పడితేనే కార్డు చెరపనిచ్చేది.

"డిస్కులకి పేరంటమా సత్యా?" అని ఏడిపించేవాణ్ణి.

"నవ్వండి, నవ్వండి. ఒకటి పోయిన రోజున తెలుస్తుంది మీకు," అనేది.

మేం కలిసి తీసిన ఆఖరి పెళ్లి కోరుకొండ గుడిలో. కొండ మెట్లన్నీ కెమెరా మోసుకుంటూ ఎక్కింది సత్య. ఆ వారంలోనే జ్వరమని ఆసుపత్రిలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. ఆ పెళ్లి వీడియో అంతా కెమెరా కార్డుల్లోనే ఉండిపోయింది.

ఆవిడ ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఆ కార్డుల్లో తప్ప ఎక్కడా లేదు. పాత పెళ్లిళ్లన్నిట్లో ఆవిడ మాటల్ని అనవసరపు చప్పుడని నేనే కోసి పారేశాను. పెళ్లివాళ్లకి వీడియో ఇచ్చేశాక డిస్కులు రెండూ చెరిపి మళ్లీ వాడేవాళ్లం.

కొన్ని నెలలకి తుని వాళ్ల పెళ్లి ఒప్పుకున్నాను. మూడు కెమెరాలు, అన్నీ ఫోర్‌కే. అంత పెద్ద ఫైళ్లు పాత డిస్కు మీద వేస్తే వీడియో అడుగడుగునా ఆగిపోతోంది. విసుగొచ్చి కాకినాడ వెళ్లి, రెండు డిస్కులు పట్టే రెయిడ్ బాక్సు కొన్నాను. దాని వెనక చిన్న మీట ఉంటుంది. ఒకవైపు పెడితే స్పీడు: ప్రతి ఫైలూ సగం ఒక డిస్కులో, సగం రెండో డిస్కులో పడుతుంది. పదహారు టెరాబైట్ల చోటు మొత్తం దొరుకుతుంది, కానీ ఒక డిస్కు పోతే అంతా పోయినట్టే. రెండోవైపు పెడితే మిర్రర్: ఒకే సరుకు రెండింట్లోనూ ఉంటుంది, చోటు ఎనిమిదే. మధ్యలో మార్చామా, ఉన్నదంతా చెరిగిపోతుంది.

నేను స్పీడు పెట్టాను. డిస్కుల సీలు నేనే విప్పాను, నేనే బిగించి బాక్సుకి తాళం వేశాను. తెర మీద పదహారు చూపించింది. డైరీలో "స్పీడు, 16" అని రాసుకున్నాను.

కోరుకొండ కార్డులు కూడా అందులోకే ఎక్కించి, తుని పెళ్లికి కావాలని వాటిని చెరిపేశాను. వద్దనే మనిషి ఇంట్లో లేదు కదా.

ఆ తరువాత రోజూ మధ్యాహ్నం కంచం ముందు పెట్టుకుని కోరుకొండ పెళ్లిలోని ఒక క్లిప్పు వేసుకునేవాణ్ణి. సత్య కెమెరా ఆపడం మరిచిపోయి చేతిలో పట్టుకుని దిగుతున్నట్టుంది. మెట్లూ, చీర అంచూ కనిపిస్తాయి. ముందురోజు కాపీల పని నాకు అప్పజెప్పింది. "ఏవండీ, నిన్నటిది రెండో కాపీ ఎక్కించారా?" అంటుంది. "సాయంత్రం చూద్దాంలే," అంటాను నేను. అంతే ఆ క్లిప్పు. ఇంట్లో అన్నం తినేటప్పుడు వినిపించే మాట అదొక్కటే.

ఒకరోజు పొద్దున్న బాక్సు టిక్కు టిక్కుమంది. ఎర్ర లైటు వెలిగింది. ప్లగ్గు పీకేశాను, మళ్లీ పెట్టడానికి ధైర్యం చాలలేదు. దాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. పక్కాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

రిపేరు చేసే ఆయన నా తాళంతో బాక్సు తెరిచి, డిస్కులు రెండూ బయటికి లాగి నా వైపు చూశాడు.

"ఏంటండీ, లోపల డిస్కులక్కూడా బొట్లు పెడతారా మీరు?"

రెండింటి మీదా కుంకుమ బొట్లున్నాయి. చిన్నవి, గుండ్రంగా.

ఆయన డిస్కుల్ని తన కంప్యూటరుకి తగిలించి చూసి, "ఒకటి పోయిందండి. కంగారేం లేదు, మిర్రర్లో పెట్టుకున్నారుగా. అంతా రెండోదాంట్లో ఉంది," అన్నాడు.

"నేను స్పీడులో పెట్టానండి."

"లేదండి, చూడండి," అని మీట చూపించాడు. అది మిర్రర్ వైపే ఉంది.

పోయినదాని బదులు కొత్త డిస్కు వేయించుకుని ఇంటికొచ్చి డైరీ తీశాను. స్పీడు, పదహారు. నా చేతిరాతే. దేవుడి అలమరలో ఆవిడ కుంకుమ భరిణె ఉంది. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ దాన్ని ముట్టుకోలేదు. మూత బిగుసుకుపోయి ఉంటే చాకుతో తియ్యాల్సి వచ్చింది. బాక్సు తాళం ఎప్పుడూ నా గుత్తిలోనే ఉంటుంది. మా ఇంటికి వచ్చేవాళ్లు కూడా ఎవరూ లేరు.

దుఃఖంలో నువ్వే చేసి మరిచిపోయావంటాడు మా తమ్ముడు. అయ్యుండొచ్చు. కానీ నా వేలితో పెడితే అంత చిన్న బొట్టు పడదు, పెట్టి చూసుకున్నాను. ఇంతకంటే నాకేమీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం కంచం పెట్టుకుని ఆ క్లిప్పు వేశాను. "ఏవండీ, నిన్నటిది రెండో కాపీ ఎక్కించారా?" అంది. నా గొంతు వచ్చేలోపే ఆపేశాను.

"నువ్వే ఎక్కించావుగా సత్యా," అన్నాను.