బొద్దింకల కోసం ముంచిన పడవ

మా మేనత్త దలాసాని లొంగదీయగల మగాడు ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న మా టోరెస్ జలసంధి దీవులన్నీ గాలించినా దొరకడు. ఇక తెల్లదొర ఎంత!

మామ ముత్యపు చిప్పల కోసం మునిగీ మునిగీ ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆయన కష్టంతో కొన్న తెరచాప పడవ 'ఎస్తేరు'. జపాను వడ్రంగి కట్టినది, అడుగున రాగిరేకు. ఆ రోజుల్లో దీవివాళ్ల పడవలు కాగితాల్లో, మా మీద సర్కారు పెట్టిన దొర పేరునే ఉండేవి. మామ పోయి నెల తిరక్కుండానే, ఆడది పడవ నడపలేదు కనుక దాన్ని ముత్యపు చిప్పల కంపెనీకి ఇచ్చేస్తున్నానని దొర కబురు పెట్టాడు. ఎంత పొగరు! మామ మునుగుతుంటే అన్నేళ్లూ చుక్కాని పట్టింది అత్తే.

పడవను లాక్కుపోవడానికి దొర మరపడవ వచ్చేసరికి సముద్రం పాటు మీద ఉంది, నీళ్లు వెనక్కి తీశాయి. పగడపు దిబ్బ దాటాలంటే పోటు రావాలి. అందుకని దొర దిబ్బ బయటే లంగరేశాడు. 'ఎస్తేరు' ఒడ్డున ఇసుకలో కూర్చుని ఉంది.

"ఒసేయ్ పిల్లలూ, ఈ ఏడు బొద్దింకల్ని చంపామా?" అంది అత్త.

"వానలు పడ్డాక కదత్తా!" అన్నాను.

"ఇవాళే చంపుదాం, పదండి."

ఏటా చేసే పనే. చిప్పల కుళ్లుకి పడవనిండా బొద్దింకలు పడతాయి. పోటునీళ్లలో ముంచితే చస్తాయి. పడవ అడుగు కంతలకున్న బిరడాలు పీకి, తేలకుండా లోపల రాళ్లు పేర్చాం.

పోటు వచ్చింది, దొరా వచ్చాడు. నీళ్ల పైకి తెరచాప కొయ్యలే కనబడుతున్నాయి. చావగా మిగిలిన బొద్దింకలు వాటి మీదికి ఎగబాకాయి. దగ్గరకు రాగానే నాలుగు దొర టోపీ మీద రాలాయి. ఒడ్డంతా ఘొల్లుమంది.

"ఇది నా పేరున ఉన్న పడవ!" అరిచాడు దొర.

"అయితే ముక్కు మూసుకుని మునుగు దొరా! మా ఆయన మునిగే కదా కొన్నాడు!"

దొర తన నావికులను దిగమన్నాడు. వాళ్లూ మా దీవుల పిల్లలే.

"మాకు ఈత రాదు దొరా" అన్నాడొకడు, చేతులు కట్టుకుని.

మళ్లీ పాటు మొదలైంది. ఇంకాసేపుంటే మరపడవే దిబ్బ లోపల చిక్కుకుంటుంది. బయట ఆగుదామంటే గాలి ముదురుతోంది. తిట్టుకుంటూ పోయాడు.

నీళ్లు తీశాక అత్త బిరడాలు దిగ్గొట్టింది. రాళ్లు మోసి మా చేతులు బొబ్బలెక్కాయి. తర్వాతి పోటుకు 'ఎస్తేరు' తేలింది. అత్త ఒక్క మగాణ్నీ ఎక్కనివ్వలేదు. మా ఆడపిల్లల్నే వేసుకుని, ఎదురుగాలిలో, దొర ఆఫీసు రేవు ముందునుంచే పడవను నడిపించింది. రేవులో కూలీలు మూటలు దించేసి ఈలలు వేశారు. దొర కిటికీ మూసుకున్నాడు. ఆడది పడవ నడపలేదన్న కబురు మా దీవికి మళ్లీ రాలేదు.