చిన్న దుంగలు కోసిన మావయ్య

మావయ్య పోయారన్న కబురు నాకు రంపం పక్కనే తెలిసింది. వజ్రపుకొత్తూరు దగ్గర ఒక తోటలో జీడి కొమ్మను మిషను మీద బిగిస్తున్నాను. డయాలసిస్‌కని తండ్రిని పలాస తీసుకెళ్లిన మా ఆయన ఫోన్ చేశాడు. "నాన్న ఎల్లిపోనాడే" అన్నాడు. నేను బిగింపులు విప్పి, కొమ్మను నేలకు దించి, అప్పుడు కూలబడ్డాను. బిగించిన దుంగను మిషను మీద వదిలి కదలకూడదని నేర్పింది ఆయనే.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఉద్దానం తోటల్లో మాత్రం కోతబండి మావ అంటే గుర్తుపట్టేవారు. చక్రాల మీద నడిచే చిన్న కోతమిషనును ట్రాక్టరు వెనక తగిలించుకుని ఊరూరా తిరిగేవారు. రెండు ఇనుప పట్టాల మధ్య దుంగను పడుకోబెట్టి, దాని మీదుగా రంపాన్ని చేత్తో తోసుకుంటూ పోవాలి.

కొన్నేళ్ల కింద తోటల్ని కూల్చేసిన తుపాను తర్వాత ఆయన విలువ అందరికీ తెలిసింది. పడిపోయిన పెద్ద మానులన్నీ లారీలెక్కి పోయాయి. తొడ లావు కొమ్మలు, పొట్టి మొద్దులు మిగిలాయి. పొయ్యిలోకి తప్ప పనికిరావని అందరూ అన్న వాటినే మావయ్య కోసేవారు. ఇళ్లు కూలినవాళ్లకు వాసాలు, కిటికీ చెక్కలు వాటిలోంచే వచ్చాయి.

చిన్నదాన్ని కోయడమే కష్టం. రంపం తగలగానే దొర్లుతుంది, ఒక్కోసారి ఎగిరి మీదకొస్తుంది. "పెద్ద దుంగ తన బరువుకి తనే పడుంటాది. సిన్నదాన్ని మనమే పట్టుకోవాల" అనేవారు. పట్టుకోవడమంటే చేత్తో కాదు. పొట్టి దుంగ కింద ముందు మందపాటి పలక వేసేవారు. ఒక పక్క ఇనుప ఆపులు, ఇంకో పక్క మర బిగింపు, సందుల్లో కర్ర చీలికలు. ఇనుమంతా రంపం దారికి కిందే ఉండాలి. చివర కాలితో దుంగను గట్టిగా ఒక్క తోపు తోసేవారు. కదిలిందా, అంతా విప్పి మళ్లీ మొదలు.

ఇక్కడ ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బు ఆయనకూ వచ్చింది. ఒకరోజు ఓ ముసలామె పెరట్లో పనస కొమ్మలు కోయడానికి వెళ్లాం. తుపాను నుంచీ ఆమె గుమ్మానికి టార్పాలినే తలుపు. మావయ్య బిగించి, కాలితో తోశారు. దుంగ దొర్లింది. మళ్లీ బిగించారు, మళ్లీ దొర్లింది. చేతుల్లో పట్టు లేదు. చూడ్డానికి జనం చేరారు. అప్పటిదాకా నేను ఆయన కోసిన చెక్కలు మోసేదాన్ని, అంతే. ఆయన బిగింపు పిడిని నా చేతిలో పెట్టారు.

"అమ్మీ, నువ్వు బిగించు."

"ఏటి బావా, కోడలి సేత కోయిత్తావేటి? మగోళ్లం ఇక్కడ నేమేటి?" అన్నాడొకాయన.

"ఎందుకు నేరు? రా, నువ్వే బిగించు. రంపం పెట్టినపుడు దాని ఎదురుగా నువ్వే నిలబడాల మరి."

ఆ మాటన్నాయన అడుగు ముందుకు వేయలేదు. నేను బిగించాను. మావయ్య కాలితో తోశారు. దుంగ కదిలింది. "ఇప్పు" అన్నారు. విప్పి మళ్లీ బిగించాను. "ఇప్పు." గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. ముసలామెకే జాలేసింది. "రేపు కోద్దురులే నాయనా, పిల్ల అలిసిపోనాది" అంది.

"అలిసిపోతే కూకుంటాదమ్మా. వదులుగా బిగిత్తే పానం పోతాది."

అరచేతులు బొబ్బలెక్కాక దుంగ ఆయన కాలికి కదలకుండా నిలిచింది. రంపం నేనే తోశాను. ఆయన పక్కనే నడిచారు. మొదటి చెక్క విడిపోయినప్పుడు ముసలామె దాన్ని తీసి వాసన చూసి, గుండెలకు ఆనించుకుంది. పొద్దుగూకేలోగా తలుపుకు సరిపడా చెక్కలు వచ్చాయి.

ఆ తర్వాత బిగించేది నేను, తోసి చూసేది ఆయన. నడవలేని రోజుల్లోనూ స్టూలు మీద కూర్చుని కాలు చాపేవారు. నా బిగింపును ఇంకా నమ్మరేమని అప్పుడప్పుడూ నాకు కోపం వచ్చేది కూడా.

మొన్న వేసవిలో టెక్కలి వైపు ఒక తోటలో ఉన్నాం. ఆయన నీడన తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నారు. నేను బిగించి, కాలితో తోసి చూసి, ఆయన లేస్తారని నిలబడ్డాను. లేవలేదు.

"ఓపాలి తోసి సూడరా మావా?"

"నువ్వు తోసినావు గదా. కొయ్యి" అని అటు తిరిగి పడుకున్నారు.

నన్ను ఎవరూ ఎప్పుడూ అంతగా మెచ్చుకోలేదు. ఇంజను మోతలో నా ఏడుపు ఎవరికీ వినిపించలేదు.

కర్మకాండ అయ్యాక ఉతకడానికి ఆయన బట్టలు తీశాను. పనికి వేసుకునే ఖాకీ చొక్కా మడతల్లో పనస చెక్క రంపపు పొట్టు ఇంకా ఉంది. బకెట్లో నానబెట్టాను. పనస చెక్క రంగు దిగి నీళ్లు మెల్లగా పసుపు రంగుకు తిరిగాయి. పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. సాయంత్రం దాకా ఆ బకెట్టు నూతి గట్టు మీదే ఉంది. పసుపు నీళ్లలో చొక్కా చెయ్యి ఒకటి పైకి తేలి, గాలికి కొంచెం కొంచెం కదులుతూ ఉంది.