ఎల్సెబెత్ చీకటిగది

ఎల్సెబెత్ నోరు మంచిది కాదు గానీ మనసు వెన్న. డెన్మార్క్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో ఇసుక వయసు తేల్చే చీకటిగది ఆమెది. పూడుకుపోయిన ఇసుకరేణువు ఎన్ని వేల ఏళ్లుగా వెలుగు చూడలేదో అక్కడ లెక్కగడతారు. ఒక్కసారి వెలుతురు తగిలిందా, ఆ రేణువు తన వయసు మరిచిపోతుంది. అందుకే లోపల మసక ఎర్రదీపం తప్ప ఇంకేమీ వెలగకూడదు. చేతిగడియారం ముల్లు మెరిసినా సరే, విద్యార్థిని తిట్టి బయటికి తరిమేది. మళ్లీ ఆ విద్యార్థి జీతం కోసమే నిధుల సంఘం చుట్టూ కాళ్లరిగేలా తిరిగేది. మధ్యాహ్నం తన రై పిండి రొట్టెలో సగం వాడికే పెట్టేది.

మాల్తె ఆమె ఆఖరి విద్యార్థి. అతని పరిశోధన అంతా ఒకే ఒక్క గొట్టం ఇసుక మీద నిలబడి ఉంది. దాన్ని తవ్వి తీసిన గొయ్యి నీళ్లతో నిండిపోయింది, మళ్లీ తెచ్చుకునే వీల్లేదు. జీతం కూడా ఆ వేసవితో సరి.

అతని పుట్టినరోజు నాడు ఆ మహాతల్లి ఏం చేసిందో చూడండి! కాగితపు జెండాలు గుచ్చిన కేకు మీద కొవ్వొత్తులు వెలిగించి, రెండు చేతులా పట్టుకుని, తుంటితో రెండు తలుపులూ నెట్టుకుని, పాడుకుంటూ లోపలికి వచ్చేసింది. వెనకాలే వసారా కిటికీ వెలుతురంతా దూసుకొచ్చింది. గొట్టంలోని ఇసుకంతా పళ్లెంలో మూత లేకుండా పరిచి ఉంది.

పాట సగంలో ఆగిపోయింది.

"మూత పెట్టే ఉందిలే," అన్నాడు మాల్తె గబుక్కున.

"ఏదీ, చూపించు."

"ఇప్పుడే తీశాను..."

"నోర్ముయ్! నా పరువు కోసం ఇసుక చేత అబద్ధం చెప్పిస్తావా? ఆ లెక్క నమ్మి నీ వెనకొచ్చే పిల్లలు ఏమైపోతారు?"

కేకు బల్ల మీద పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఇన్నేళ్లూ ఇంతమందిని తిట్టింది, ఆ తిట్లన్నీ ఇప్పుడు తనకే తగిలాయి. పిల్లాడి బతుకు తన చేతులతో తనే పాడుచేసింది.

మర్నాడు నిధుల సంఘం ముందు నిలబడి, "తప్పు నాది. కుర్రాడికి ఇంకో ఏడాది జీతమివ్వండి, కొత్త ఇసుక వెతుక్కుంటాడు," అంది. సంఘం ఏడాది ఇచ్చింది. చీకటిగది మాత్రం ఆమె చేతిలోంచి తీసేసింది.

ఎల్సెబెత్ తాళంచెవులు తెచ్చి మాల్తె చేతిలో పెట్టింది.

"నాకొద్దు ఎల్సెబెత్. అది నీ గది," అన్నాడతను.

"తీసుకో, పిచ్చివాడా. నేనొచ్చి తలుపు కొడతాను. నేనే కదా అని వెంటనే తీసేవు! ముందు ఇసుక మీద మూత పెట్టు."